ముందు పేర్ల చిట్టా, ఆ తర్వాతే బస్సు బొమ్మ

ప్రశ్న: నేను విశాఖపట్నంలో యానిమేషన్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా స్నేహితులు ‘నైట్ హాల్ట్’ అనే 12 నిమిషాల చిన్న సినిమా తీశారు. రాత్రి ఆఖరి ట్రిప్పుతో ఊరు చేరి, బస్సులోనే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుతో బయలుదేరే ఒక ఆర్టీసీ కండక్టరు కథ అది. దానికి 45 సెకన్ల యానిమేషన్ టైటిల్స్ చేయడం నా సెమిస్టరు ప్రాజెక్టు. పాతకాలపు టికెట్టుకు పంచ్‌తో కొట్టిన చిల్లుల్లోంచి వెలుగు రావాలి, ఆ వెలుగులో పేర్లు కనిపించాలి. ఇదీ నా ఆలోచన. మూడు వారాలుగా గీస్తున్నాను. చీకట్లో బస్సు మలుపు తిరిగి మన వైపు వచ్చే 9 సెకన్లు పూర్తయ్యాయి. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. మా మాస్టారు మాత్రం స్టోరీబోర్డు (షాట్ల వరుసను చిన్న గళ్లలో గీసిన బొమ్మలు), యానిమాటిక్ (ఆ బొమ్మలను శబ్దంతో కలిపి పేర్చిన వీడియో) చూపిస్తే తప్ప ముందుకు వెళ్లనివ్వను అంటున్నారు. ఇంకా ఏడు వారాలే ఉన్నాయి. అంతా నా మనసులో స్పష్టంగా ఉన్నప్పుడు మళ్లీ చిన్న చిన్న గళ్లలో గీస్తూ కూర్చోవడం కాలహరణం కాదా? ముందే అన్నీ నిర్ణయించుకుంటే గీసేటప్పుడు కలిగే ఆనందం పోదా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో బస్సు ఉంది, మలుపు ఉంది, టికెట్టు ఉంది, వెలుగు ఉంది. మొత్తం ఎన్ని పేర్లు వేయాలో మాత్రం ఎక్కడా లేదు. అంతా మనసులో స్పష్టంగా ఉందని మీరు రాసిన మాటను నేను నమ్ముతున్నాను. కానీ మనసులో ఉన్నది బస్సు. టైటిల్స్ ఇంకా మనసులోకి రాలేదు.

ఇది ఎత్తిపొడుపు కాదు. ఈ పనిలో దాదాపు అందరం ఇక్కడే మొదలవుతాం. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చేనేత మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి టైటిల్స్ చేశాను. ఆరు వారాలు మగ్గం గీశాను. పడుగు, పేక, ఆడుతున్న నాడె, ఒక్కొక్క పోగూ విడివిడిగా కదిలేలా. చివరి వారంలో పేర్ల జాబితా చేతికి వచ్చింది. 22 పేర్లు. తెర నిండా పోగులే, అక్షరం పెట్టడానికి అరచేతి మేర ఖాళీ లేదు. చివరికి ప్రతి పేరు వెనకా ఒక నల్లటి పట్టీ వేశాం. ఆరు వారాల మగ్గం ఆ పట్టీల కింద కప్పబడిపోయింది. ప్రదర్శన రోజున ఆ నల్లటి పట్టీలను చూస్తూ కూర్చోవడం ఎంత బాధో నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మూడు వారాల్లో 9 సెకన్లు పూర్తయ్యాయి, అంటే వారానికి 3 సెకన్లు. ఇదే వేగంతో వెళితే మిగిలిన 36 సెకన్లకు 12 వారాలు పడుతుంది. మీ చేతిలో ఉన్నవి 7. గళ్లలో గీసే సమయం లేదని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీకు లేనిది గళ్లు గీయకుండా ముందుకు వెళ్లే సమయం.

ఈ రోజు పెన్సిలు పక్కన పెట్టి దర్శకుడికి ఫోను చేయండి. పేర్ల చిట్టా అడగండి. ఎవరి పేరు ఎవరి తర్వాత రావాలో, ఏ పేరు ఒంటరిగా రావాలో, ఏవి కలిసి రావచ్చో, ఇంటిపేరు పూర్తిగా వేయాలో పొడి అక్షరాలు చాలో, అన్నీ రాయించుకోండి. ‘కూర్పు’ అని వేయాలా, ‘ఎడిటింగ్’ అనా? ‘ఛాయాగ్రహణం’ అనా, ‘కెమెరా’ అనా? ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ ‘ఛాయాగ్రహణం’ తెర మీద ‘కెమెరా’ కంటే దాదాపు రెట్టింపు చోటు తీసుకుంటుంది. స్నేహితుల మధ్య పేర్ల వరుస మీద మాట పట్టింపులు వస్తే, అవి బొమ్మలు గీయకముందే రావడం మేలు.

ఉదాహరణకు నటులు ఐదుగురు, కథ మాటలు ఒకరు, సంగీతం ఒకరు, కెమెరా ఒకరు, కూర్పు ఒకరు, శబ్దం ఒకరు, కళ ఒకరు, దుస్తులు ఒకరు, టైటిల్స్ మీరు, దర్శకుడు. మొత్తం 14 పేర్లు అనుకుందాం. 45 సెకన్లలో మొదటి 3 సెకన్లు పేరు లేకుండా వదలాలి, ప్రేక్షకుడు చీకటికి అలవాటు పడాలి కదా. సినిమా పేరుకు 5 సెకన్లు ఇవ్వండి. చివర 2 సెకన్లు సినిమా మొదటి షాటులోకి జారడానికి. మిగిలింది 35 సెకన్లు. 14 పేర్లూ విడివిడిగా వేస్తే పేరుకు రెండున్నర సెకన్లు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. అదే ప్రధాన పాత్రలు ఇద్దరికి చెరొక కార్డు (తెర మీద ఒక్కసారిగా కనిపించే పేరు లేదా పేర్లు), మిగతా ముగ్గురు నటులకు ఒకటి, కథకు, సంగీతానికి, కెమెరాకు ఒక్కొక్కటి, కూర్పు, శబ్దం కలిపి ఒకటి, కళ, దుస్తులు, మీ పేరు కలిపి ఒకటి, దర్శకుడికి ఒకటి. 9 కార్డులయ్యాయి. కార్డుకు 3 సెకన్ల చొప్పున 27 సెకన్లు, ఇంకా 8 సెకన్లు మిగిలాయి. మీ బస్సు, మీ చీకటి, మీ వెలుగు ఊపిరి పీల్చుకునేది ఆ 8 సెకన్లలోనే.

సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాల చొప్పున 3 సెకన్లు అంటే 72 ఫ్రేములు. పేరు మెల్లగా వెలగడానికి 8, ఆరిపోవడానికి 8 తీసేస్తే పూర్తిగా కనిపించేది 56 ఫ్రేములు, రెండు సెకన్ల పైచిలుకు. ఆ పేరునూ పనినీ నింపాదిగా ఒకసారి పైకి చదవండి, ఇంచుమించు అంతే పడుతుంది. ముగ్గురు ఉన్న కార్డుకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, ఆ 8 సెకన్లలోంచి తీసి ఇవ్వండి.

పేర్ల తర్వాత శబ్దం. అప్పటికీ బొమ్మ కాదు. మీ స్నేహితుడు సంగీతం పూర్తి చేసే వరకు ఆగకండి. దగ్గరలో ఉన్న బస్సు స్టేషనుకు వెళ్లి ఫోనులో రికార్డు చేసుకోండి: ఇంజను మేలుకునే దగ్గు, గేరు మారే మూలుగు, తలుపు పడిన చప్పుడు, కండక్టరు లాగే తాడు బెల్లు, ‘రైట్ రైట్’ అనే కేక. టికెట్టు పంచ్ దొరక్కపోతే కాగితాలకు చిల్లులు కొట్టే ఆఫీసు పంచ్ చాలు. వీటిని 45 సెకన్ల టైమ్‌లైను మీద పరిచి, కళ్లు మూసుకుని వినండి. ఎక్కడ పంచ్ టక్కుమంటే పేరు రావాలనిపిస్తుందో అక్కడ ఒక గుర్తు పెట్టండి. బెల్లు రెండుసార్లు మోగితే బస్సు కదులుతుందని మన ప్రయాణికులందరికీ తెలుసు. అంటే ఆ రెండు బెల్లులూ విన్న ప్రతి ఒక్కరూ తర్వాతి క్షణంలో కదలిక కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపును మీరు తీర్చవచ్చు, కాస్త ఆపి ఊరించవచ్చు. కానీ అది ఎన్నో ఫ్రేములో పుడుతుందో మీకు ముందు తెలియాలి.

ఇప్పుడు గళ్లు. వెడల్పు 16, ఎత్తు 9 నిష్పత్తిలో అగ్గిపెట్టె అంత గళ్లు కొట్టుకోండి. దర్శకుడు సినిమాను ఇంకో నిష్పత్తిలో తీసి ఉంటే ఆ కొలతే వాడాలి, ఇది మొదటి ఫోనులోనే అడగండి. మొద్దు పెన్సిలు, లేదంటే మార్కరు తీసుకోండి. సన్నటి మొన ఉంటే చేయి కిటికీ కమ్మీల మీదికి వెళుతుంది. ఒక గడికి రెండు నిమిషాలకు మించి ఇవ్వకండి. చీకటి ఎక్కడ, వెలుగు ఎక్కడ, పేరు ఎక్కడ, ఏది కదులుతుంది. గడిలో ఉండవలసింది ఈ నాలుగే. పేరును గీతగా కాకుండా, నిజంగా అక్షరాలతో, అనుకున్న పరిమాణంలో రాయండి. ఆ ఒక్క అలవాటు నా మగ్గాన్ని కాపాడి ఉండేది.

ఒక్కొక్క గడిని ఒక్కొక్క చీటీ మీద గీసి గోడకు అంటించండి. నోటు పుస్తకంలో వరుసగా గీయకండి. 1930ల మొదట్లో డిస్నీ స్టూడియోలో బొమ్మలను బోర్డుకు పిన్నులతో గుచ్చడం మొదలుపెట్టినప్పుడు దాని బలమంతా ఆ పిన్నులో ఉంది. గుచ్చిన బొమ్మను పీకవచ్చు, మూడోదాన్ని ఏడో చోటికి మార్చవచ్చు. పుస్తకంలో గీసినదాన్ని కొట్టేయాలి, కొట్టేయడానికి మనసొప్పదు. మన బాపుగారు షాటు షాటుకూ బొమ్మ గీసుకుని సెట్టు మీదికి వెళ్లేవారని తెలుగు సినిమా గురించి కాస్త తెలిసినవాళ్లందరికీ తెలుసు. అంత గొప్ప చేయి ఉన్న చిత్రకారుడికి మనసులో బొమ్మ లేకనా? ఆ బొమ్మను కెమెరామన్, కళాదర్శకుడు, నటులు కూడా చూడాలి కనుక. మీ విషయంలో ఆ ఇంకొకరు ఎవరంటే, నాలుగు వారాల తర్వాతి మీరే. అప్పటికి అలసిపోయి ఉంటారు, ఇప్పుడు స్పష్టంగా ఉన్నది అప్పుడు సగం మసకబారి ఉంటుంది.

ఒకే కథను మూడు రకాలుగా గోడకెక్కించండి. మొదటిది మీరు ఇప్పటికే అనుకున్నది. రెండో దానిలో బస్సును అసలు చూపించకండి, టికెట్టు, చేతివేళ్లు, వెలుగు, అంతే. మూడో దానిలో కెమెరా కదలకూడదు. రెండోదీ మూడోదీ వాడతారని కాదు. వాటిలోంచి ఒకటి రెండు చీటీలు మొదటి దానిలోకి వలస వస్తాయి. ప్రతిసారీ వస్తాయి.

యానిమాటిక్ అంటే ఈ చీటీలను ఫోనుతో ఫొటో తీసి, మీ శబ్దం మీద, అనుకున్న నిడివిలో పేర్చడం. అంతకంటే ఇందులో మాయ లేదు. క్రితా, బ్లెండర్, డావిన్చి రిజాల్వ్ ఉచిత రూపం, ఈ సాఫ్ట్‌వేర్లలో దేనిలోనైనా గంటలో అయిపోతుంది. దాన్ని అందంగా చేయాలన్న తపనను దయచేసి అణచుకోండి. యానిమాటిక్‌కు రంగులు వేసే విద్యార్థులను చాలామందిని చూశాను. రంగు వేశాక అందులోంచి ఒక్క షాటు తీసేయమన్నా ప్రాణం పోయినట్టు అవుతుంది, కాబట్టి తీయరు. తీయలేని యానిమాటిక్ వల్ల ప్రయోజనం లేదు.

పూర్తయ్యాక ఎలా చూడాలో చెబుతాను. ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఒకసారి బొమ్మ కనపడకుండా వినండి. ఒకసారి ఫోను తెర మీద, చేయి చాచి పట్టుకుని చూడండి, ఎందుకంటే మీ స్నేహితుల సినిమాను సగం మంది అలాగే చూస్తారు. తర్వాత ఆ సినిమా సంగతి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టి ఒక్కసారి చూపించండి. బాగుందా అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. సంగీతం ఎవరు చేశారు, కెమెరా ఎవరు అని అడగండి. చెప్పలేకపోతే ఆ కార్డు దగ్గర ఏదో కదలిక వాళ్ల కంటిని పక్కకు లాగింది. మనిషి కన్ను కదిలేదాని వెంట పోతుంది, నిలకడగా ఉన్న అక్షరాన్ని తర్వాత చూస్తుంది. అందుకే పేరు పూర్తిగా వెలిగి ఉన్నంతసేపూ మిగతా తెర నెమ్మదించాలి. బస్సు పరుగెత్తాలంటే రెండు పేర్ల మధ్య పరుగెత్తనివ్వండి.

ఇక మీ అసలు ప్రశ్న. ముందే నిర్ణయించుకుంటే ఆనందం పోదా అన్నారు. దీనికి మాటతో జవాబు చెప్పడం ఇష్టం లేక, మీ ఉత్తరం చదివిన రాత్రి ఒక పని చేశాను. పాత శుభలేఖ అట్టను టికెట్టు కొలతకు కత్తిరించి, ఆఫీసు పంచ్‌తో పక్కపక్కనే రెండు చిల్లులు కొట్టాను. గదిలో దీపాలు ఆర్పి, ఫోను టార్చి వెలిగించి బల్ల మీద పెట్టి, ఎదురుగా తెల్ల గోడ మీద ఏం పడుతుందో చూశాను. అట్టను గోడకు దగ్గరగా పట్టుకుంటే రెండు చిన్న చుక్కలు, అంచులు తేటగా ఉన్నాయి. అట్టను మెల్లగా టార్చి వైపు జరుపుతుంటే ఆ చుక్కలు పెద్దవవుతూ, ఒకదానికొకటి దూరం జరుగుతూ, అంచులు మెత్తబడుతూ వచ్చాయి. సరిగ్గా దూరం నుంచి మన మీదికి వస్తున్న బస్సు రెండు హెడ్‌లైట్లలా!

మీ ఉత్తరంలో టికెట్టు చిల్లులు ఒక షాటు, బస్సు రావడం ఇంకో షాటు. అవి రెండూ ఒకటే కావచ్చునని ఆ అట్టముక్క చూపించింది. కండక్టరు రెండు చిల్లులు కొడతాడు, టక్కు, టక్కు. ఆ చిల్లులే పెరిగి హెడ్‌లైట్లవుతాయి. బస్సు గీయనే అక్కర్లేదు, రెండు గుండ్రటి వెలుగులు గీస్తే చాలు. ఈ సంగతి మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. పది నిమిషాల ప్రయోగంలో దొరికింది. ముందుగా చూసుకోవడం అంటే ఇదే. మనసులో ఉన్నదాన్ని నకలు తీయడం అనుకుంటున్నారు కనుక మీకు విసుగ్గా ఉంది. మనసులో లేనిదాన్ని వెతకడం అనుకుని ఒక్కరాత్రి చేసి చూడండి. ఆనందం ఎక్కడికీ పోదు, నిజానికి అది ఎక్కువగా దొరికే చోటే ఇది, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పోయేది ఒక శుభలేఖ అట్ట.

ఇలాంటి ప్రయోగం ప్రతి షాటుకూ అవసరం లేదు. గోడ మీది చీటీల్లో ఏది చూస్తే ఇది ఎలా కదులుతుందో తెలియడం లేదు అనిపిస్తుందో దానికే చేయండి. బస్సు మలుపు తిరిగే షాటు ఉంటే అగరొత్తుల పెట్టెను బస్సు అనుకుని, ఫోను కెమెరాను నేలకు ఆనించి తోయండి. లేదా బ్లెండర్‌లో ఒక పెట్టె, ఒక రోడ్డు, ఒక కెమెరా పెట్టి కదిపి చూడండి. కిటికీలు, చక్రాలు ఏవీ వద్దు, బూడిదరంగు పెట్టె చాలు. మలుపులో పెట్టె ఏ వైపు ఎంత కుదించుకుపోతుందో అది చూపిస్తుంది, దాని మీద మీరు చేత్తో గీసుకోవచ్చు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపారనుకుంటే, మీరు ఆ 9 సెకన్ల కోసం 108 బొమ్మలు గీసి ఉంటారు. అందులో సగం సమయం బస్సు కోణం సరిచూసుకోవడానికే పోయి ఉంటుందని నా ఊహ.

తెలుగు అక్షరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాఠ్యపుస్తకాలూ వీడియో పాఠాలూ చాలావరకు ఆంగ్ల అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఆంగ్లంలో పెద్ద అక్షరాల వరుస ఒక పట్టీలా సమంగా నిలబడుతుంది. తెలుగు వరుస అలా నిలబడదు, పైకి గుడులు, కిందికి ఒత్తులు సాగుతాయి. మీ సినిమా పేరునే తీసుకోండి. ‘హాల్ట్’లో చివరి అక్షరానికి పైన పొల్లు, కింద ట ఒత్తు. అంటే ఆ పదం కింద మీరు రోడ్డు గీత గీస్తే ఒత్తు వెళ్లి రోడ్డుకు గుద్దుకుంటుంది. గడిలో గీసేటప్పుడే ఒత్తుకు చోటు వదలాలి. రెండు వరుసల్లో పేర్లు ఉంటే పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఢీకొనకుండా చూసుకోవాలి.

ఇంకొకటి, అక్షరాలు ఒక్కొక్కటిగా కనిపించేలా చేసే తయారు ఎఫెక్టులు చాలా చోట్ల తెలుగును విరగ్గొడతాయి. ‘హాల్ట్’ ముక్కలై, లకు పొల్లు ఒకసారి, ట ఇంకోసారి విడిగా వచ్చి పడతాయి. ఆ ఎఫెక్టుల జోలికి పోకండి. పదాన్ని ఆకారాలుగా మార్చుకుని మీ చేత్తో విడదీయండి: నై, ట్, హా, ల్ట్. నాలుగు ముక్కలు, నోటితో పలికినట్టే. ఆ నాలుగింటినీ నాలుగు పంచ్ చప్పుళ్లకు ఒక్కొక్కటిగా వెలిగించవచ్చు.

ఏ ఫాంటు అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. రామభద్ర, ధూర్జటి, మండలి వంటివి ఉచితంగా దొరుకుతాయి. యానిమాటిక్‌లో వాటిలో ఒకటి పెట్టుకోండి. చివరి పనికి మాత్రం మీరు చేత్తో రాయాలని నా కోరిక. బస్సు నుదుటి మీద ఊరి పేరు రాసే పెయింటర్ల అక్షరం చూశారా? చోటు ఎంత ఉంటే అంతలో ఊరి పేరును సాగదీసి, కుదించి, తలకట్టును ఒక్క కుంచె విసురుతో ముగిస్తారు. డిపోలో పాత బోర్డులేమైనా ఉంటే అనుమతి అడిగి ఫొటోలు తీసుకోండి. ఈ సినిమా పేర్లకు అంతకంటే తగిన రాత ఇంకొకటి లేదు. అన్ని పేర్లూ తెర అంచుల నుంచి ఐదేసి శాతం లోపలికి ఉండేలా చూడండి. 1920, 1080 కొలత తెరలో అది పక్కల 96 పిక్సెళ్లు, పైనా కిందా 54.

ఇప్పుడు శ్రమ లెక్క. 45 సెకన్లకు సెకనుకు 24 చొప్పున 1080 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 540 బొమ్మలు. గీసి, శుభ్రం చేసి, రంగు వేయడానికి బొమ్మకు పావుగంట అనుకున్నా 135 గంటలు. ఇది అన్నీ అన్ని వేళలా కదిలితేనే. మీ టైటిల్స్‌లో అలా కదలనవసరం లేదు. టికెట్టు కదలదు, దాని మీద చిల్లు పడుతుంది, దానికి ఆరు బొమ్మలు చాలు. కిటికీలోంచి వెనక్కి పోయే చీకటి పల్లె ఒకే పొడవాటి బొమ్మ, దాన్ని పక్కకు లాగడమే. హెడ్‌లైట్లు రెండు వలయాలు. చీటీ కింద ‘నిలిచేది’, ‘లాగేది’, ‘గీయాల్సింది’ అని మూడు మాటల్లో ఒకటి రాయండి. ‘గీయాల్సింది’ ఉన్నవాటిని మాత్రమే కూడండి. 220 బొమ్మల దగ్గర ఆగితే 55 గంటల పని, నాలుగు వారాల్లో హాయిగా పూర్తవుతుంది. 350 దాటితే గోడ దగ్గరికి వెళ్లి చీటీలు పీకండి, గీత మొదలుపెట్టకండి.

1955లో అమెరికన్ గ్రాఫిక్ డిజైనరు సాల్ బాస్ ఒక సినిమాకు చేసిన టైటిల్స్‌లో నల్లటి తెర మీద కత్తిరించిన కాగితం లాంటి తెల్లటి పట్టీలు, చివర ఒక వంకర చేయి. అంతకుముందు టైటిళ్లు పడుతుండగా చాలా థియేటర్లలో తెర ముందున్న పరదా కూడా తొలగించేవారు కాదు. ఆ సినిమా రీళ్లకు టైటిల్స్ మొదలుకాకముందే పరదా తొలగించమని ప్రొజెక్షనిస్టులకు సూచన జతచేసి పంపారు. ఆ పట్టీల్లో గీత పని ఎంత తక్కువో చూడండి. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నదాంట్లోనే అంతా ఉంది. అది కాగితం మీద పెన్సిలుతో, గడియారం పక్కన పెట్టుకుని చేసుకోగల పని.

వారాల పంపకం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మొదటి వారం పేర్లు, శబ్దం, చీటీలు. రెండో వారం యానిమాటిక్, టార్చి ప్రయోగాలు, మాస్టారికి చూపించడం. తర్వాత నాలుగు వారాలు గీత. ఆఖరి వారం కూర్చడానికి, అసలు సంగీతంతో సరిచూడటానికి ఉంచండి, ఆ వారంలో కొత్త బొమ్మ ఒక్కటి కూడా పెట్టుకోవద్దు. యానిమాటిక్ ఫైలును ప్రతిరోజూ తెరిచి, ఆ రోజు పూర్తయిన షాటును చీటీ స్థానంలో పెట్టండి. రెండో వారంలో గీతలతో ఉన్న ఫైలే ఆరో వారానికి సినిమాగా మారుతుంది. ఎప్పుడు ఆపినా చూపించడానికి మొదటి నుంచి చివరి వరకు ఏదో ఒకటి ఉంటుంది.

మీరు అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ 9 సెకన్లను ఏం చేయాలి? పారేయకండి. మొదటి యానిమాటిక్‌లో దాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెట్టండి, దాని మీద మూడు పేర్లు రాయండి, చూడండి. పేర్లు చదవగలిగితే ఉంచండి. చదవలేకపోతే అందులోంచి బస్సు మన వైపు తిరిగిన చివరి రెండు మూడు సెకన్లు తీసుకుని, చిల్లులు హెడ్‌లైట్లుగా మారిన వెంటనే అతికించండి. ఆ వెలుగుల వెనక నిజంగానే ఒక బస్సు ఉందని ప్రేక్షకుడికి తెలిసే క్షణం అది, దానికి మీ గీతలోని నాణ్యత కావాలి. మిగతా ఆరేడు సెకన్ల బొమ్మలను మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు వాటిని చూసి తప్పకుండా అడుగుతారు.

మొదటి బెల్లు ఎన్నో ఫ్రేములో మోగుతుందో మాత్రం ఈ ఆదివారంలోగా తేల్చి, గోడ మీద పెద్ద అంకెలతో రాసిపెట్టండి. సంగీతం చేసే మీ స్నేహితుడు మొదట అడిగేది అదే.